పాటల తీరం... పాడని పాట

ఓ ఊరు తన సముద్ర తీరానికి ఒక రాక్ బ్యాండు పేరు పెట్టుకుంది. బజారు వీధికీ ఆ పేరే. స్టేషన్లో రైలు కదిలే ముందు వినిపించేదీ ఆ బ్యాండు పాటే. జపాన్‌లోని చిగసాకి సంగతి ఇది. అయితే ఆ బ్యాండు పాటల్లోకెల్లా ఎక్కువగా అమ్ముడైన పాట మాత్రం ఏళ్ల తరబడి ఆ ఊరి వేదిక ఎక్కలేదు. ఎందుకంటే...

టోక్యో స్టేషన్లో తొకైదో లైను రైలెక్కి కూర్చుంటే దాదాపు గంటలో చిగసాకి వచ్చేస్తుంది. పొద్దున్నే రాజధానికి ఉద్యోగాలకు వెళ్లి రాత్రికి ఇల్లు చేరేవాళ్లతో బోగీలు కిటకిటలాడుతుంటాయి. జపాన్ స్టేషన్లలో ఓ పద్ధతుంది. తలుపులు మూసుకోబోతున్నాయని చెప్పడానికి ప్లాట్‌ఫాం మీద కొన్ని సెకన్ల పాటు చిన్న బాణీ మోగుతుంది. చాలాచోట్ల అది గంటల మోతలాంటి మామూలు బాణీయే. చిగసాకిలో మాత్రం 2014 అక్టోబరు 1 నుంచి తొకైదో లైను ప్లాట్‌ఫాంల మీద 'కిబో నో వదాచి' అనే పాట మోగుతోంది. వదాచి అంటే బండి చక్రాలు నేలమీద వదిలే గాడి. ఆశల దారిలో పడిన బండి జాడ... అన్నమాట. కదిలే రైలుకి ఇంతకన్నా సరిపోయే పాట దొరకదేమో!

విచిత్రమేంటంటే, ఈ పాట ఏనాడూ విడి రికార్డుగా రాలేదు. 1990లో వచ్చిన ఓ సినిమా పాటల ఆల్బమ్‌లో ఒకటిగా ఉండిపోయింది. అయినా అభిమానుల నోళ్లలో నాని నాని, ఆ బ్యాండు పేరు చెబితే ముందుగా గుర్తొచ్చే పాటల్లో ఒకటైంది. స్టేషన్లో ఇదే మోగాలని ఊరి వర్తకులూ జనమూ పట్టుబట్టి సాధించుకున్నారు.

ఆ బ్యాండు పేరు సదరన్ ఆల్ స్టార్స్. టోక్యోలోని అఒయామా గకుయిన్ విశ్వవిద్యాలయంలో పాటల పిచ్చితో ఒక్కచోట చేరిన కుర్రాళ్ల బృందం. 1978 జూన్ 25న తొలి రికార్డు వచ్చింది. ముందుండి పాడేదీ, దాదాపు అన్ని పాటలూ రాసి బాణీ కట్టేదీ కువాతా కెయిసుకే. 1956లో పుట్టిన ఆయనది చిగసాకే. కీబోర్డు వాయించే హారా యూకోది పక్కనున్న యోకొహామా. కాలేజీలో కలిసిన ఈ ఇద్దరూ 1982లో పెళ్లి చేసుకున్నారు. 2025 మార్చిలో కూడా ఈ బ్యాండు కొత్త ఆల్బమ్ తెచ్చిందంటే, జపాన్‌లో తాతలూ మనవళ్లూ కలిసి వినే పాటలు ఇవేనంటే ఆశ్చర్యం లేదు.

సింద్‌బాద్ వచ్చిన దారి

తొలి పాట పేరు 'కత్తే ని షిన్‌బాద్'. అర్థం కోసం వెతక్కండి, దొరకదు! అంతకు ముందు ఏడాది, 1977లో, రెండు పాటలు జపాన్‌ని ఊపేశాయి. ఒకటి సవాదా కెంజీ పాడింది, రెండోది పింక్ లేడీ అనే ఇద్దరమ్మాయిల జంట పాడింది. ఒకదాని పేరులో ముందు ముక్క, రెండోదాని పేరులో వెనక ముక్క తీసి అతికించేశారు. అంతే! పేరు అలా తమాషాకి పెట్టినా పాటలో మాత్రం నిజమైన ఊరుంది. అందులో చిగసాకి వస్తుంది, పక్కనే ఉన్న ఎనోషిమా దీవి వస్తుంది. కువాతా జపాన్ మాటల్ని ఇంగ్లిషు మాటల్లా నమిలి, సాగదీసి, గబగబా పాడేస్తుంటే టీవీల ముందున్న పెద్దవాళ్లకు సగం మాటలు అర్థం కాలేదు. పిల్లలకు అదే నచ్చింది.

బ్యాండు పేరు వెనకా ఇలాంటి కథే ఉంది. నీల్ యంగ్ పాట 'సదరన్ మ్యాన్' నుంచి ఒక మాట, న్యూయార్క్ సల్సా బృందం 'ఫానియా ఆల్ స్టార్స్' నుంచి మిగతా మాటలు తీసుకుని కువాతా స్నేహితుడొకరు ఈ పేరు పెట్టాడని చెబుతారు. అంటే అమెరికా దక్షిణాది రాష్ట్రాల గురించి కెనడా గాయకుడు వాడిన మాట, తిరిగి తిరిగి ఓ జపాన్ తీరానికి పేరైంది! చిగసాకి ఊరివాళ్లు ఎన్నో ఏళ్లుగా 'చిగసాకి స్నానాల తీరం' అని పిలుచుకున్న ఇసుక తిన్నెలకి 1999లో 'సదరన్ బీచ్ చిగసాకి' అని కొత్త పేరు పెట్టారు. స్టేషన్ దక్షిణ ద్వారం నుంచి సముద్రం వైపు తీసుకెళ్లే దుకాణాల వీధి 'సదరన్ స్ట్రీట్'. బతికున్న మనిషి పేరు వీధికి పెట్టడానికే చాలా ఊళ్లు జంకుతాయి. ఇక్కడ ఏకంగా సముద్రానికే పెట్టేశారు.

టోపీ పెట్టుకున్న రాయి

స్టేషన్ నుంచి నడుచుకుంటూ వెళితే ఇరవై నిమిషాల్లో ఇసుక తగులుతుంది. దారి పొడవునా సైకిళ్లే. సైకిలుకి ఓ పక్క కమ్మీ బిగించి, దానికి సర్ఫింగ్ పలకను తగిలించుకుని పోయే నడివయసు మగవాళ్లూ, ఆడవాళ్లూ కనిపిస్తారు. ఎండాకాలంలో పురపాలక కార్యాలయం ఉద్యోగులు కూడా పూల పూల అలోహా చొక్కాలేసుకుని పనిచేస్తారు. హవాయిలోని హొనొలులుతో ఈ ఊరికి 2014 నుంచి సోదర నగరాల ఒప్పందం కూడా ఉంది.

తీరాన పెద్ద 'సి' అక్షరం ఆకారంలో ఓ కట్టడం ఉంటుంది. వలయంలో ఖాళీగా ఉన్న చోట మనుషులు నిలబడితే గుండ్రం పూర్తవుతుంది. అందుకని ప్రేమికులూ కొత్త జంటలూ అక్కడ ఫొటోల కోసం వరస కడతారు. దాన్ని దాటి చూపు సముద్రం మీదికి పోతే, కిలోమీటరుకు పైగా దూరంలో నీళ్లలోంచి కొనదేరిన ఓ రాయి. అదే ఎబోషి ఇవా. ఎబోషి అంటే పాతకాలంలో జపాన్ ఆస్థాన ఉద్యోగులు పెట్టుకునే ఎత్తయిన టోపీ. దూరం నుంచి ఆ రాయి అచ్చం అలాగే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ తీరాన్ని అమెరికా సైన్యం శిక్షణ కోసం తీసుకుంది. ఆ రాయినే గురిగా పెట్టుకుని కాల్చారనీ, టోపీ కొన అప్పుడే విరిగిందనీ ఊళ్లో చెప్పుకుంటారు.

1980 నాటికి సదరన్ ఆల్ స్టార్స్ జోరు కొంచెం తగ్గింది. వరసగా రికార్డులు వచ్చాయిగానీ పెద్ద హిట్టు పడలేదు. 1982 జనవరిలో 'చాకో నో కైగన్ మోనోగతారి' వచ్చింది. చాకో కథ... సముద్రపు ఒడ్డు కథ అని పేరు. పాతకాలపు జపాన్ పాటల ధోరణిని కాస్త ఆటపట్టిస్తూ కట్టిన బాణీ. అందులో దూరాన కనిపించేది ఈ ఎబోషి రాయే. బ్యాండును మళ్లీ జనంలోకి తెచ్చింది ఈ పాటే. ఆపై ఆ రాయి కోసం చిగసాకికి రావడం మొదలైంది. స్టేషన్లో మోగే 'కిబో నో వదాచి'లోనూ ఎబోషి పేరుంది. ఓ పడవ పట్టుకుని రాయి దగ్గరికి వెళితే అక్కడ కనిపించేది చేపలు పట్టేవాళ్లూ, నీటి కాకులే. పాటల్లో ఉన్నంత అందం ఒడ్డు నుంచి చూస్తేనే!

ఇంకో విశేషం శీతాకాలంలో. గాలి తేటగా ఉన్న రోజున పడమటి వైపు మంచు కప్పుకున్న ఫుజి పర్వతం, తూర్పున ఎనోషిమా దీవి ఒకే తీరాన నిలబడి చూడొచ్చు. జులై, ఆగస్టుల్లో స్నానాలకు తెరుస్తారు కాబట్టి జనం ఎక్కువ. జులై మూడో సోమవారం తెల్లవారుజామున మాత్రం నిద్ర మానుకునైనా రావాలి. చుట్టుపక్కల గుళ్ల నుంచి దాదాపు నలభై పల్లకీలు తీరానికి చేరుకుంటాయి. సూర్యుడు పైకి వస్తుండగా మోసేవాళ్లు వాటితో నీళ్లలోకి దిగుతారు. మన గుళ్లలో చక్రస్నానం గుర్తు రాక మానదు. ఈ హమఓరి పండగ బ్యాండు కన్నా చాలా పాతది.

ఆకలేస్తే షిరాసు అన్నం. మన నెత్తళ్లకు పిల్లల్లాంటి సన్న సన్న చేపల్ని వేడి అన్నం మీద గుట్టగా పోసి ఇస్తారు. పచ్చివి తినడానికి ధైర్యం కావాలి. ఉడికించినవి ఎవరైనా తినొచ్చు. కొత్త సంవత్సరం నుంచి మార్చి మొదటి వారాల దాకా వేట నిషేధం కాబట్టి అప్పుడు వెళితే తాజావి దొరకవు.

లేని హోటలు పేరున...

చిగసాకిలో తెరమరుగైన చోట్లు కూడా పాటల్లో ఉన్నాయి. 1965లో తీరం పక్కన ఓ పెద్ద హోటలు వెలిసింది. అప్పటి అగ్ర నటుడు ఉఎహారా కెన్, ఆయన కొడుకు నటుడు-గాయకుడు కయామా యూజో దాని యాజమాన్యంలో ఉన్నారు. సినిమా వాళ్లొచ్చే హోటలు మా ఊళ్లో ఉందని జనం మురిసిపోయారు. ఐదేళ్లకే అప్పుల్లో మునిగింది. ఆ తర్వాత చేతులు మారి కొన్నాళ్లు నడిచింది. కాలేజీ రోజుల్లో కువాతా అక్కడ చిన్న ఉద్యోగం చేశాడు. 1990ల చివర్లో భవనాన్ని కూల్చేశారు. ఆ స్థలంలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. కూల్చిన కొద్ది కాలానికే, 2000 జులైలో, ఆ హోటలు పేరే పెట్టి 'హోటల్ పసిఫిక్' పాట వచ్చింది. వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకు కనిపించేది ఎవరి బాల్కనీలోనో ఆరేసిన బట్టలు.

అన్నట్టు, ఈ ఊరితో కళాకారుల అనుబంధం రాక్ బ్యాండుతో మొదలైంది కాదు. 1899లో పెట్టిన చిగసాకి-కాన్ అనే సత్రంలో దర్శకుడు ఓజు యసుజిరో మకాం పెట్టి తన సినిమాలకు కథలు రాసుకునేవాడు. ప్రపంచ సినిమా అభిమానులు అక్కడికి వెళ్లి ఆయన గది చూసొస్తారు. బ్యాండు అభిమానులు ఆ వైపు చూడను కూడా చూడరు!

తూర్పుకి వెళితే ఎనోషిమా, అది దాటి కమాకురా దగ్గర ఇనామురాగసాకి. కువాతా హైస్కూలు చదువు కమాకురాలోనే. 1990లో ఆయన దర్శకుడిగా మారి 'ఇనామురా జేన్' సినిమా తీశాడు. పెద్ద అల కోసం ఎదురుచూసే కుర్రాళ్ల కథ. సినిమా సంగతి ఎలా ఉన్నా, దానికోసం చేసిన 'మనత్సు నో కజిత్సు' నిలిచిపోయింది. నడివేసవి పండు అని అర్థం. వేసవి పాటే అయినా వినడానికి వాన కురుస్తున్నట్టుంటుంది. 1991లో హాంకాంగ్ గాయకుడు జాకీ చెయుంగ్ దాన్ని కాంటనీస్‌లో పాడితే అక్కడా పెద్ద హిట్టయింది. అంతకు ముందు, 1989లో, ఈ బ్యాండు 1979 నాటి ప్రేమ పాట 'ఇతోషి నో ఎలీ'ని రే చార్లెస్ అంతటివాడు ఓ విస్కీ ప్రకటన కోసం ఇంగ్లిషులో పాడాడు. అమెరికా సంగీతాన్ని విని పెరిగిన కుర్రాడి బాణీని ఆ సంగీతపు పెద్దాయనే పాడటం... కువాతా జీవితంలో అంతకన్నా పెద్ద మెప్పు ఉండదేమో.

ఆ ఒక్క మాట

ఇక అసలు పాట. 2000 జనవరి 26న వచ్చింది. పేరు 'త్సునామీ'. మన ఇళ్లలో 'సునామీ' అన్న మాట 2004 డిసెంబరు 26 తర్వాతే తెలిసింది. ఆ ఆదివారం కోస్తా పల్లెల్లోకి సముద్రం వచ్చేదాకా ఆ మాట ఎవరికీ పట్టలేదు. జపాన్ వాళ్లకి అది తాతముత్తాతల నాటి మాట. పాటలో మాత్రం దానర్థం వేరు. ప్రేమించినవాళ్ల ముందు నోరు పెగలని మనిషి గుండెలో ఎగిసిపడే అల అది. ఓ టీవీ కార్యక్రమంలో వినిపించి ఇల్లిల్లూ తిరిగిన ఈ పాట దాదాపు 29 లక్షల ప్రతులు అమ్ముడైంది. ఆ ఏడాది జపాన్ రికార్డ్ అవార్డు దానికే దక్కింది.

ఆ ఊపులోనే, అదే ఏడాది ఆగస్టు 19, 20 తేదీల్లో సదరన్ ఆల్ స్టార్స్ సొంత ఊరికి వచ్చింది. ఊరివాళ్లు వీధి వీధీ తిరిగి సంతకాలు పోగు చేస్తే సాధ్యమైన కచేరీ అది. వేదిక సముద్రాన్ని ఆనుకుని ఉన్న పార్కులోని బేస్‌బాల్ మైదానం.

తర్వాత పదేళ్లలో చాలా జరిగాయి. 2008 ఆగస్టులో యోకొహామాలో నాలుగు రోజులు పాడి బ్యాండు సెలవు తీసుకుంది. 2010లో కువాతాకి అన్నవాహిక క్యాన్సర్ బయటపడింది. శస్త్రచికిత్స చేయించుకుని ఆ ఏడాది చివరి రాత్రి టీవీ వేదిక మీదికి తిరిగొచ్చాడు. ఇంకో రెండు నెలలు దాటాక, 2011 మార్చి 11న, ఈశాన్య జపాన్‌ని సముద్రం ముంచేసింది.

ఆ రోజు నుంచి రేడియోలు, టీవీలు ఆ పాటను పక్కన పెట్టేశాయి. అధికారికంగా నిషేధమేమీ లేదు. ఆ పేరు పలకాలంటేనే అనౌన్సర్లకు నోరు రాలేదు. పాటలో తప్పేం లేదు, రాసినవాడిలోనూ లేదు. కానీ ఓ మాట మీద అంతమంది ప్రాణాల బరువు పడితే, దాన్ని ప్రేమకు వాడుకోవడం ఎలా?

ఆ ఏడాది సెప్టెంబరు 10, 11 తేదీల్లో కువాతా ఒంటరిగా మియాగి రాష్ట్రంలో కచేరీ పెట్టాడు. రిఫు పట్టణంలోని పెద్ద క్రీడా ప్రాంగణం వేదిక. ఆరు నెలల కిందట అదే ప్రాంగణంలో సముద్రం ఇచ్చేసిన మృతదేహాలను వరసలుగా ఉంచారు. తమవాళ్లను గుర్తుపట్టడానికి జనం ఆ తలుపుల్లోంచే లోపలికి వెళ్లారు. అలాంటి చోట పాటలేంటని కొందరు అనుకుని ఉండొచ్చు. ఆ తలుపులు మళ్లీ ఏదో ఒక రోజు పాటల కోసం తెరవాల్సిందేగా. ఆ రెండు రాత్రుల్లో ఏం పాడాలన్నది ఎంత కష్టమో, ఏది పాడకూడదన్నది అంత స్పష్టం.

చిగసాకికీ ఈ భయం కొత్తది కాదు. ఊరి ముందున్న సగామి అఖాతం కిందే 1923 సెప్టెంబరు 1 నాటి మహా భూకంపం పుట్టింది. ఆ కుదుపుకి పొలాల్లోంచి పెద్ద పెద్ద చెక్క దుంగలు పైకి లేచాయి. చూస్తే, 1198 ప్రాంతంలో సగామి నది మీద కట్టిన వంతెన స్తంభాలవి! నది దారి మార్చుకోవడంతో ఏడు శతాబ్దాలు మట్టిలో ఉండిపోయాయి. ఇప్పుడవి జాతీయ స్మారకం. బ్యాండు కోసం వచ్చేవాళ్లలో అక్కడికి వెళ్లేవాళ్లు కొద్దిమందే. కానీ వెళ్లి చూడాల్సిన చోటు. తీరం వెంట 'పెద్ద అల వస్తే ఇటు పరుగెత్తండి' అని బాణం గుర్తుల బోర్డులూ ఉంటాయి. వాటి మీద రాసి ఉండేది ఆ పాట పేరే.

ఎవరు పాడమనాలి?

ఈ ప్రశ్నకు జవాబులాంటిది చిగసాకికి చాలా దూరాన, మియాగి తీరంలోని ఒనగవా నుంచి వచ్చింది. సుమారు పదివేల మంది ఉండే ఆ చేపల ఊళ్లో 800 మందికి పైగా పోయారు. ఇళ్లూ దుకాణాలూ కొట్టుకుపోయాక, ఎక్కడ నీళ్లు దొరుకుతాయి, ఎక్కడ బియ్యం ఇస్తున్నారు అని చెప్పడానికి ఊరివాళ్లే 2011లో చిన్న రేడియో కేంద్రం పెట్టుకున్నారు. మైకు పట్టుకున్నవాళ్లు అంతకు ముందు రేడియో మొహం ఎరగరు. అందులో సొంతవాళ్లను పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ కేంద్రం మూసేసే రోజొస్తే చివర్లో 'త్సునామీ' వేస్తామని వాళ్లలో వాళ్లు అనుకున్నారు. భయం లేకుండా ఆ పాట వినగలిగిన రోజున తమ పని అయిపోయినట్టే అని లెక్క.

ఈ మాట కువాతా చెవిన పడింది. 2016 మార్చి 26న ఆయన తన వారం వారం రేడియో కార్యక్రమాన్ని ఒనగవా నుంచే ప్రసారం చేశాడు. మూడు రోజుల తర్వాత, మార్చి 29న, ఆ చిన్న కేంద్రం మూతపడింది. చివరిగా వేసిన పాట 'త్సునామీ'.

ఊరు అడిగింది కాబట్టి అక్కడ మోగింది. దాన్ని పట్టుకుని ఇక ఎక్కడైనా పాడేయొచ్చని బ్యాండు అనుకోలేదు. 2013 వేసవిలో సదరన్ ఆల్ స్టార్స్ మళ్లీ కలిసి, ఆగస్టు చివర్లో చిగసాకి మైదానానికి వచ్చినప్పుడు ఆ పాట లేదు. 45 ఏళ్ల పండగ కోసం 2023లో సెప్టెంబరు 27, 28, 30, అక్టోబరు 1 తేదీల్లో మళ్లీ అదే మైదానానికి వచ్చారు. కువాతాకి అప్పటికి 67 ఏళ్లు. మూడోసారి ఊరంతా పండగే. దేశమంతా సినిమా హాళ్లలో తెరల మీద కచేరీ చూపించారు. 'ఇతోషి నో ఎలీ' పాడారు, 'మనత్సు నో కజిత్సు' పాడారు, హారా యూకో గొంతు విప్పింది, జనం లేచి నిలబడి 'కిబో నో వదాచి' అందుకున్నారు. నాలుగు రాత్రుల్లోనూ 'త్సునామీ' లేదు. ముగింపుగా పాడింది 1978 నాటి 'కత్తే ని షిన్‌బాద్'. మైదానం అవతల చీకట్లో ఎబోషి రాయి, అలల చప్పుడు.